సూక్ష్మ శైవలాలు, యాంటీఆక్సిడెంట్లు: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్పైరులినా మాత్రలు, క్లోరెల్లా పొడి, అస్టాజాంథిన్ గుళికలు ఇప్పుడు విశాఖలో మందుల దుకాణాల నుంచి సూపర్ మార్కెట్ల దాకా అన్నిచోట్లా దొరుకుతున్నాయి. నేను సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. వీటిని కొనేవారు, అమ్మేవారు, పెంచి వ్యాపారం చేద్దామనుకునే కుర్రవాళ్లు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఈ జీవులంటే నాకు ఎంతో ఇష్టం. ఆ ఇష్టం వల్లే, వాటి పేరు చెప్పి లేనిపోని ఆశలు అమ్మడం నాకు నచ్చదు.

సూక్ష్మ శైవలాలు అంటే ఏమిటి? చెరువులో కనిపించే నాచేనా?

ఆ కుటుంబానికి చెందినవే. ఒక్కో జీవి విడిగా కంటికి ఆనదు. కోట్ల సంఖ్యలో చేరినప్పుడు మాత్రం నీటి రంగే మారిపోతుంది. రుషికొండ దగ్గర అలలు తాకే రాళ్ల మీద కాలు జారేలా ఉండే పచ్చటి పొరలో ఇవి ఉంటాయి. సముద్రపు నీళ్లలోనూ ఉంటాయి. వేసవి ముందు నెలల్లో మన తీరంలో అడుగునున్న చల్లటి నీరు పోషకాలతో పైకి వచ్చినప్పుడు ఇవి ఒక్కసారిగా పెరుగుతాయి. వాల్తేరు తీరంలో ఆస్టెరియోనెల్లా అనే డయాటమ్ (గోధుమ బంగారు రంగులో ఉండే ఒక రకం సూక్ష్మ శైవలం) విపరీతంగా పెరిగి సముద్రం రంగు మారిన సంగతి మీద 1969లోనే ఒక అంతర్జాతీయ పత్రికలో పరిశోధన పత్రం వెలువడింది.

స్పైరులినా నిజానికి శైవలం కాదు. అది సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా. వ్యాపారంలోనూ వాడుకలోనూ శైవలాలతో కలిపే చెబుతారు కాబట్టి నేనూ అలాగే చెబుతాను.

వీటిలో యాంటీఆక్సిడెంట్లు ఎందుకు అంత ఎక్కువగా ఉంటాయి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే.

భూమి మీద గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. దాన్ని వదిలింది సయనోబాక్టీరియా. ఆక్సిజన్ ప్రాణవాయువే అయినా, కణంలో అదుపు తప్పితే కొవ్వులను, ప్రోటీన్లను, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బను అడ్డుకునే పదార్థాలనే యాంటీఆక్సిడెంట్లు అంటాం. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు పత్రహరితం తాను వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వెలుతురును పీల్చుకుంటుంది. ఆ మిగులు శక్తి పక్కనున్న ఆక్సిజన్ మీదికి మళ్లితే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపం పుడుతుంది. చెట్టయినా, శైవలమైనా దీన్ని తట్టుకోవాల్సిందే. చెట్టుకు వేళ్లు, బెరడు, దళసరి ఆకులు ఉన్నాయి. శైవలానికి ఉన్నది ఒకే ఒక్క కణం. కదలలేని చోట, మండే ఎండలో, ఆవిరైపోతున్న నీటిలో అది బతకాలంటే రక్షణ రసాయనాలను తన లోపలే తయారుచేసుకోవాలి. కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ, ఎరుపు రంగు పదార్థాలు ఆ మిగులు శక్తిని తీసుకుని వేడిగా మార్చి వదిలేస్తాయి.

అందుకే శైవలాన్ని కష్టపెట్టిన కొద్దీ ఈ రంగులు పెరుగుతాయి. హెమటోకోకస్ అనే మంచినీటి శైవలాన్నే తీసుకోండి. పోషకాలు బాగా అందినంత కాలం అది ఆకుపచ్చగా, చలాకీగా ఈదుతూ ఉంటుంది. నైట్రోజన్ తగ్గించి వెలుతురు పెంచితే ఈత మాని గుండ్రంగా ముడుచుకుంటుంది. చుట్టూ దళసరి గోడ కట్టుకుని లోపలంతా ఎర్రబడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ముందు కణం నడుమ చిన్న ఎర్రటి మచ్చ కనబడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ ఎరుపు అంచుల దాకా పాకుతుంది. ఆ ఎరుపే అస్టాజాంథిన్. పరిశ్రమలోనూ ఇదే పద్ధతి: మొదటి దశలో పచ్చగా పెంచడం, రెండో దశలో ఎర్రబరచడం.

ఏ శైవలం నుంచి ఏ పదార్థం వస్తుంది?

ఎర్రబారిన హెమటోకోకస్ పొడి బరువులో అస్టాజాంథిన్ 4, 5 శాతం దాకా ఉంటుంది. సాల్మన్ చేపకు ఆ గులాబీ రంగునిచ్చేదీ, ఉడికించిన రొయ్య ఎర్రబడటానికి కారణమైనదీ ఈ పదార్థమే. మన శరీరం దీన్ని విటమిన్ ‘ఎ’గా మార్చుకోలేదు.

డునాలియెల్లా సలీనా ఉప్పునీటి శైవలం. దీనికి గట్టి కణకవచం ఉండదు. బయటి ఉప్పుకు దీటుగా లోపల గ్లిసరాల్ నింపుకుని నిలబడుతుంది. ఎండ, ఉప్పు రెండూ ఎక్కువైతే పొడి బరువులో పదో వంతు వరకు బీటా కెరోటిన్ (క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే పదార్థం) పోగుచేసుకోగలదు. ఫ్రాన్స్‌లోని మోంపెల్యే దగ్గర ఉప్పు మడులు ఎర్రబడటంలో దీని పాత్రను 1838లో ద్యునాల్ అనే శాస్త్రవేత్త గమనించారు. 1905లో ఆయన పేరే దీనికి పెట్టారు.

స్పైరులినాలో ముఖ్యమైనది ఫైకోసయనిన్ అనే నీలి రంగు ప్రోటీన్. క్లోరెల్లాలో పత్రహరితం, ల్యూటిన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటాయి. డయాటమ్‌ల గోధుమ బంగారు రంగు ఫ్యూకోజాంథిన్‌ది. దీని మీద పరిశోధన జోరుగా ఉన్నా, దుకాణంలో దొరికే సరుకు తక్కువ.

స్పైరులినాను ప్రోటీన్ కోసం తీసుకోవచ్చా? 60 శాతం ప్రోటీన్ అంటున్నారు.

శాతం నిజమే. తినే మోతాదు కూడా చూడండి. రోజుకు 3 గ్రాముల పొడి తింటే అందేది 2 గ్రాముల లోపు ప్రోటీన్. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. ప్రోటీన్ కావాలంటే పప్పు, గుడ్డు, చేప, పెరుగు చవకగా దొరుకుతాయి. స్పైరులినాకు డబ్బు పెడితే దానిలోని రంగు పదార్థాల కోసం పెట్టండి.

డబ్బా మీద ‘ఫలానా పండు కన్నా ఇన్ని వందల రెట్లు శక్తిమంతం’ అని ఉంటుంది. నమ్మవచ్చా?

ఆ అంకె ప్రయోగశాలలో పరీక్ష గొట్టానికి చెందింది. అది మీ ఒంట్లో జరిగేదాన్ని చెప్పదు.

మా విద్యార్థులు చేసే డీపీపీహెచ్ పరీక్షనే చెబుతాను. డీపీపీహెచ్ చిక్కటి ఊదారంగు ద్రావణం. దానిలో శైవల సారాన్ని కొన్ని చుక్కలు వేసి చీకట్లో అరగంట ఉంచుతాం. సారంలో యాంటీఆక్సిడెంట్ గుణం ఉంటే ఊదారంగు వెలిసి లేత పసుపుకు తిరుగుతుంది. ఎంత వెలిసిందో 517 నానోమీటర్ల దగ్గర కొలిచి శాతంగా రాస్తాం. చక్కటి పరీక్ష. రెండు సారాలను పోల్చడానికి, ఏ పద్ధతిలో ఆరబెడితే గుణం నిలుస్తుందో చూడటానికి బాగా పనికొస్తుంది. అయితే ఆ గొట్టంలో జీర్ణరసాలు లేవు, పేగు గోడ లేదు, కాలేయం లేదు. అక్కడ గెలిచిన పదార్థం రక్తంలోకి చేరుతుందన్న హామీ లేదు.

ఓర్యాక్ అనే మరో కొలమానాన్ని ఆహార కంపెనీలు ఒకప్పుడు విపరీతంగా వాడుకున్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ తన ఓర్యాక్ పట్టికను 2012లో వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ ఆరోగ్య ఫలితాలకూ సంబంధం రుజువు కాలేదనీ, ప్రకటనల్లో వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ చెప్పింది. ఇన్నేళ్లయినా డబ్బాల మీద ఆ రెట్ల లెక్క కనబడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన కణాల్లో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, గ్లూటాథయోన్ వంటి సొంత రక్షణ వ్యవస్థ ఉంది. తెల్ల రక్తకణాలు క్రిములను చంపడానికి వాడేది కూడా ఈ చురుకైన ఆక్సిజన్ రూపాలనే. వాటిని పూర్తిగా తుడిచిపెట్టడం ఆరోగ్యం అనిపించుకోదు.

మరి మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో ఏం తేలింది?

స్పైరులినాతో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కొద్దిగా తగ్గినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. అస్టాజాంథిన్‌తో చర్మంలో తేమ, కళ్ల అలసట విషయంలో కొంత మెరుగు కనబడినవీ ఉన్నాయి. వాటిలో చాలావరకు తక్కువ మందితో, కొన్ని వారాల పాటు జరిగినవే. ఫైకోసయనిన్ గురించి వినే గొప్ప మాటలు ఎక్కువగా కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. ఆశ పెట్టుకోదగ్గ రంగమే కానీ, ‘క్యాన్సర్‌ను ఆపుతుంది’ అనేంత రుజువు దేనికీ లేదు.

నేను సిగరెట్లు తాగుతాను. ఊపిరితిత్తుల రక్షణకు బీటా కెరోటిన్ గుళికలు వేసుకోమన్నారు.

వేసుకోకండి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారు 29,133 మందితో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కెరోటిన్ ఉన్న కూరగాయలు తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని తెలుసు కాబట్టి, ఆ కెరోటిన్‌నే విడిగా రోజుకు 20 మిల్లీగ్రాములు ఇస్తే మేలు జరుగుతుందని అందరూ ఆశించారు. 1994లో ఫలితాలు వచ్చేసరికి బీటా కెరోటిన్ తీసుకున్నవారిలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. అమెరికాలో పొగతాగేవారితో, ఆస్బెస్టాస్ పనివారితో మొదలైన మరో పరిశోధనలోనూ ఇలాగే కనబడటంతో 1996 జనవరిలో దాన్ని గడువుకు ముందే ఆపేశారు.

ఆ రెండింటిలోనూ వాడింది కృత్రిమ బీటా కెరోటిన్. డునాలియెల్లా నుంచి తీసినది సహజం కాబట్టి ప్రమాదం లేదని అమ్మేవారు అంటారు. పొగతాగేవారిలో అది సురక్షితమని ఎవరైనా రుజువు చేసేదాకా ఆ మాట పట్టించుకోకండి. క్యారెట్, బొప్పాయి, మునగాకు, తోటకూర నిక్షేపంగా తినండి. వాటికి ఈ హెచ్చరిక వర్తించదు.

ఇంకా ఎవరు జాగ్రత్తపడాలి?

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు క్లోరెల్లా జోలికి వెళ్లే ముందు వైద్యుణ్ని అడగాలి. దానిలోని విటమిన్ ‘కె’ ఆ మందుకు అడ్డుపడుతుంది. కీళ్లవాతం, లూపస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు స్పైరులినా మానుకోవడం మేలు. యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారికి వీటిలోని న్యూక్లిక్ ఆమ్లాలు ఇబ్బంది పెట్టవచ్చు. ఫినైల్‌కీటోన్యూరియా (ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని ఒళ్లు అరిగించుకోలేని పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవారు అసలు తినకూడదు. గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు వైద్యుడి సలహా లేకుండా ఇవ్వకండి. పసిపాప ‘ఇమ్యూనిటీ’ కోసం పాలల్లో కలిపి పడుతున్నామని ఈమధ్య కొందరు తల్లులు చెబుతున్నారు. దయచేసి ఆపండి.

మా నాన్నగారు షుగర్ మాత్రలు మానేసి స్పైరులినా మొదలుపెట్టారు. ఫరవాలేదా?

ఫరవాలేదనడానికి వీల్లేదు. ఈరోజే మాత్రలు మళ్లీ మొదలుపెట్టించి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

శాకాహారులకు బి12 దొరుకుతుందా?

స్పైరులినాలో ఉన్నదానిలో అధిక భాగం నకిలీ బి12. పరీక్షలో బి12 లాగే కనబడినా మన శరీరానికి పనికిరాదు. బి12 లోపం ఉంటే పాలు, పెరుగు, అవసరమైతే వైద్యుడు రాసిన మాత్రలు వాడాలి.

మంచి సరుకును ఎలా గుర్తుపట్టాలి?

ముందు లేబుల్ చదవండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) గుర్తు కింద 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. ఔషధంగా వాడటానికి కాదన్న హెచ్చరికను ఈ తరహా ఉత్పత్తుల మీద ముద్రించాలని 2016 నాటి నియమావళి చెబుతోంది. ఆ హెచ్చరిక లేకుండా ‘షుగర్ నయం’ అని ఉంటే ఆ డబ్బాను తిరిగి అరలో పెట్టేయండి.

తర్వాత అసలు పదార్థం ఎంతో చూడండి. అస్టాజాంథిన్ గుళికల్లో ఇక్కడే చాలామంది పొరబడతారు. 10 శాతం ఓలియోరెజిన్ (శైవలం నుంచి తీసిన నూనె లాంటి చిక్కటి సారం) 40 మిల్లీగ్రాములు ఉందంటే మీకు అందే అస్టాజాంథిన్ 4 మిల్లీగ్రాములే. పెద్ద అంకెను ముందువైపు పెద్ద అక్షరాల్లో వేసి, చిన్న అంకెను వెనక వేస్తారు. పెద్దవారికి ఆహారంతో పాటు అదనంగా రోజుకు 8 మిల్లీగ్రాముల వరకు సురక్షితమని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో అభిప్రాయపడింది. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలన్న ఆలోచన వద్దు.

మూడోది పరీక్ష నివేదిక. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం ఎంత ఉన్నాయో, సూక్ష్మజీవుల లెక్క ఎంతో, మైక్రోసిస్టిన్ పరీక్ష చేశారో లేదో చూడాలి. శైవలాలు నీటిలోని భార లోహాలను బాగా పీల్చుకుంటాయి. మైక్రోసిస్టిన్ అనేది కాలేయాన్ని దెబ్బతీసే విషం. స్పైరులినా దాన్ని తయారుచేయదు కానీ, తెరిచి ఉన్న నీటిలో దానితో పాటు పెరిగే ఇతర సయనోబాక్టీరియా తయారుచేయవచ్చు. నివేదిక మీద మీ డబ్బా మీదున్న బ్యాచ్ సంఖ్యే ఉండాలి. ఎప్పటిదో పాత నివేదికను అన్ని బ్యాచ్‌లకూ చూపించేవారు ఉన్నారు. అడిగినా నివేదిక ఇవ్వని కంపెనీ సరుకు నేను కొనను.

స్పైరులినా పొడికి ఇంట్లోనే చేసుకోదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసులో చల్లటి మంచినీళ్లు పోసి చిటికెడు పొడి చల్లండి. కలపకండి. రంగు తేలాక గ్లాసును కిటికీ వెలుతురుకు పట్టుకుని చూడండి. ఫైకోసయనిన్ చెడిపోకుండా ఉంటే పచ్చటి ముద్ద చుట్టూ నీలి రంగు నెమ్మదిగా దిగుతుంది. ఆ నీలిమ మీద పక్క నుంచి గట్టి వెలుతురు పడితే ఎర్రటి మెరుపు కూడా కనబడుతుంది. ఎక్కువ వేడిలో ఆరబెట్టిన పొడిలో ఈ నీలం ఉండదు. నీళ్లు గోధుమ కలిసిన పచ్చగా మారి ఊరుకుంటాయి. ఈ పరీక్ష రంగు గురించి మాత్రమే చెబుతుంది. లోహాల సంగతి, క్రిముల సంగతి ప్రయోగశాలే చెప్పాలి.

ఎలా తింటే మంచిది?

అస్టాజాంథిన్, బీటా కెరోటిన్, ల్యూటిన్ కొవ్వులో కరిగేవి. పరగడుపున నీళ్లతో మింగితే ఎక్కువ భాగం వృథా. నెయ్యి వేసుకున్న పప్పన్నంతోనో, నూనె ఉన్న కూరతోనో తిన్న వెంటనే వేసుకోండి. స్పైరులినాను మాత్రం వేడి చేయవద్దు. ఉడుకుతున్న చారులో, దోసె పిండిలో కలిపితే ఫైకోసయనిన్ చెడిపోతుంది. నిమ్మరసం వంటి పులుపు కూడా దానికి పడదు. మజ్జిగలో కలుపుకుంటే వెంటనే తాగేయండి. క్లోరెల్లాకు కణకవచం గట్టిది. కవచం పగలగొట్టిన రకమని రాసి ఉన్నదే తీసుకోవాలి.

విశాఖ వాతావరణంలో ఎలా నిల్వ చేయాలి?

సముద్రపు గాలిలోని తేమే ఇక్కడ పెద్ద శత్రువు. కిలో డబ్బా చవకగా వస్తుందని కొనవద్దు. నెల రోజుల్లో అయిపోయేంతే తీసుకుని, ముదురు రంగు గాజు సీసాలో గట్టిగా మూతబెట్టి చీకటి అరలో ఉంచండి. తడి చెంచా పెట్టకండి. పొడి ఉండకట్టినా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి.

మేడ మీద తొట్టెల్లో స్పైరులినా పెంచుకోవచ్చా?

పెరగడానికి పెరుగుతుంది. మన ఎండ, వేడి దానికి సరిపోతాయి. 35 డిగ్రీల చుట్టుపక్కల వేడి, సోడియం బైకార్బనేట్‌తో పీహెచ్ 9 నుంచి 10.5 మధ్య ఉండే నీరు దానికి ఇష్టం. అంత క్షారంలో చాలా క్రిములు బతకలేవు కాబట్టే దీన్ని తెరిచిన కుంటల్లో పెంచగలుగుతున్నారు. ఆఫ్రికాలోని చాద్ సరస్సు దగ్గర కనెంబు స్త్రీలు దీన్ని నీటి మీద నుంచి వడగట్టి, ఇసుకలో ఆరబెట్టి తరతరాలుగా తింటున్నారు. మెక్సికోలో అజ్టెక్‌లూ తినేవారు.

పెంచడం తేలికే, తినదగ్గట్టుగా ఉంచడమే కష్టం. హార్బరు చుట్టుపక్కల, పాతనగరంలో మేడ మీద ఆరేసిన బట్టలకు అంటుకునే నల్ల దుమ్ము తొట్టెలోనూ పడుతుంది. అందులోని లోహాలు శైవలంలోకి వెళతాయి. కాకి రెట్టలు, దోమ పిల్లలు వేరే. వాననీరు పడితే క్షారం పలచబడి పరాయి జీవులు చేరతాయి. పిల్లలకు విజ్ఞాన ప్రయోగంగా చూపించడానికి తప్పకుండా పెంచండి. ఇంట్లో తినడానికి వద్దనే నా సలహా.

ఉత్తరాంధ్రలో దీన్ని పరిశ్రమగా పెట్టవచ్చా? ఉప్పు మడులు ఉన్నాయి కదా.

పెట్టవచ్చని గట్టిగా నమ్ముతాను. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పుకు పేరున్న చోటు. వేసవిలో చిక్కబడిన మడి నీరు ఎర్రగా తిరగడం ఉప్పు పనివారికి కొత్త కాదు. డునాలియెల్లా, ఉప్పును ఇష్టపడే కొన్ని సూక్ష్మజీవులు కలిసి ఇచ్చే రంగు అది. అంత ఉప్పులో దాన్ని తినే జీవులు, దానితో పోటీపడే జీవులు తక్కువ. ఆస్ట్రేలియాలోని హట్ లగూన్‌లో ఇదే సూత్రంతో పెద్ద ఎత్తున బీటా కెరోటిన్ తీస్తున్నారు.

ఇబ్బంది వానతో వస్తుంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం పొడి వాతావరణం. మనకు నైరుతి వానలు, ఆపై తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో మరిచిపోయి కుంటలు తవ్వితే నష్టపోతారు. వేసవి నెలల పంటగా లెక్క వేసుకోవాలి. లేదా పైకప్పున్న షెడ్లలో హెమటోకోకస్ వైపు చూడాలి. దానికి పెట్టుబడి, కరెంటు ఖర్చు బాగా ఎక్కువ. విత్తన కల్చర్‌ను, అంటే పెంపకం మొదలుపెట్టడానికి వాడే స్వచ్ఛమైన శైవలాన్ని, గుర్తింపు ఉన్న సంస్థ నుంచే తెచ్చుకోండి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో సయనోబాక్టీరియా సేకరణ ఉంది. నగరంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉన్నాయి. ఇంతమంది నిపుణులు ఒకే ఊళ్లో ఉండటం మనకున్న పెద్ద వసతి. డబ్బు పెట్టకముందే వెళ్లి మాట్లాడండి.

మాకు భీమిలి వైపు రొయ్య పిల్లల హేచరీ ఉంది. అక్కడ పెంచే శైవలాన్నే ఆరబెట్టి ఆరోగ్య ఉత్పత్తిగా అమ్మవచ్చా?

ఆ సరుకును అలాగే అమ్మకూడదు. మీ దగ్గరున్న నైపుణ్యం మాత్రం చాలా విలువైనది. హేచరీలో శైవలాల గదిలోకి అడుగుపెడితే ట్యూబులైట్ల ముందు గాజు కూజాలు వరుసగా, గాలి బుడగలతో గలగలమంటూ, లోపల తేనె రంగు కీటోసెరాస్ అనే డయాటమ్‌తో కనిపిస్తాయి. స్వచ్ఛమైన కల్చర్‌ను చిన్న గొట్టం నుంచి టన్ను ట్యాంకు దాకా పరాయి క్రిమి చేరకుండా పెంచుకుంటూ పోవడం మీ పనివారికి రోజూ అలవాటైన విద్య. ఈ రంగంలో కొత్తగా దిగేవారికి రానిది అదే.

అయితే మీ శైవలం రొయ్య పిల్లల కోసం పెరిగింది. నీటిలో వాడే క్రిమిసంహారకాలు, ఎరువు స్థాయి రసాయనాలు, పక్క ట్యాంకుల్లో వాడే మందులు మనుషుల ఆహారానికి సరిపడవు. కీటోసెరాస్‌ను ఆహారంగా అమ్మడానికి అనుమతి ఉందో లేదో కూడా ముందే తేల్చుకోవాలి. అనుమతి ఉన్న జాతిని ఎంచుకుని, వేరే భవనంలో, వేరే నీటి ఏర్పాటుతో, ఆహార స్థాయి పోషకాలతో మొదలుపెట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తీసుకోవాలి. ఆరబెట్టే యంత్రం మీద పొదుపు చేయకండి. కోసిన శైవలం తడిగా ఆలస్యమైతే పత్రహరితం విరిగి ఫియోఫోర్బైడ్ అవుతుంది. అది ఒంట్లో చేరితే ఎండ తగిలినప్పుడు చర్మం కందిపోతుంది. 1977లో జపాన్‌లో క్లోరెల్లా మాత్రలు తిన్నవారికి ఇలాగే జరిగింది. కోత నుంచి ఆరబెట్టే దాకా ఎన్ని గంటలు పడుతోందో మొదటి బ్యాచ్ నుంచే పుస్తకంలో రాసి పెట్టుకోండి. కొనేవారు ఆ పుస్తకం అడిగితే చూపించండి.